మా నాయన యూపీఐ అడుగుతున్నాడు, ఇప్పించాలా వద్దా?

ఐరాల_బిడ్డ · శుక్రవారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో పని చేస్తున్నాను. అమ్మ, నాయన ఐరాల దగ్గర మా ఊళ్లోనే ఉంటారు. రెండు ఆవులు, ఒకటిన్నర ఎకరా తోతాపురి మామిడి తోట. నాయనకు 67 ఏళ్లు. తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు. ఇంగ్లీషులో అంకెలు, తన సంతకం తప్ప రావు. ఇప్పటిదాకా కీప్యాడ్ ఫోనే.

పోయిన వారం అమ్మ బీపీ మాత్రల కోసం చిత్తూరు వెళ్లాడు. బిల్లు 370. రెండు 200 నోట్లు ఇస్తే, "చిల్లర లేదు పెద్దాయనా, ఫోన్‌పే కొట్టు" అన్నాడట కౌంటర్లో పిల్లోడు. ఫోన్‌పే లేదంటే పక్కన నిలబడమన్నాడు. పావుగంట నిలబడ్డాడు. తర్వాత వచ్చిన వాళ్లందరూ స్కాన్ చేసి మందులు తీసుకుని పోతూనే ఉన్నారు. చివరికి ఎవరో కాలేజీ కుర్రాణ్ని అడిగి, అతని ఫోన్‌తో కట్టించి, ఆ 400 అతని చేతిలో పెట్టాడు. ఆ అబ్బాయి దగ్గరా ముప్పై లేదు. వదిలేసి వచ్చాడు.

ముప్పై రూపాయల గురించి కాదు నా బాధ. ఇంటికొచ్చి ఫోన్ చేసి, "ఇంత వయసొచ్చినాక మాత్రలకు పరాయి పిల్లాణ్ని బతిమాలుకున్నాను రా, నాకూ అది నేర్పించు" అన్నాడు. మా నాయన నన్ను ఏదైనా అడగడం నాకు తెలిసి ఇదే మొదటిసారి.

తిరుపతిలో ఉండే మా అక్క ససేమిరా అంటోంది. పాల డబ్బు, మామిడి డబ్బు అన్నీ ఒకే అకౌంట్లో ఉన్నాయి, ఎవడైనా ఒక్క ఫోన్ కాల్‌తో ఊడ్చుకుపోతే ఏం చేస్తావని అడుగుతోంది. అక్క భయం కూడా తప్పనలేను. 2025 సీజన్లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని ప్రకటించాక, ఆ నాలుగు పడిందో లేదో తెలుసుకోవడానికే నాయన బ్యాంకుకు మూడుసార్లు తిరిగాడు. ఫోన్‌కు వచ్చే మెసేజి ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి. అలాంటి మనిషికి స్మార్ట్‌ఫోన్ ఇస్తే మేలు చేసినట్టా, గుంతలోకి తోసినట్టా? ఇంట్లో పెద్దవాళ్లకు ఇప్పించినవాళ్లు చెప్పండి.

---

టిఫిన్_కొర్లగుంట · శుక్రవారం, రాత్రి 10:35

తమ్ముడూ, ఇప్పించు. నేను తిరుపతిలో చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. తెల్లారి ఐదింటికి దర్శనం చేసుకుని దిగొచ్చే యాత్రికులు మొదలవుతారు. తమిళనాడు, మహారాష్ట్ర, ఒడిశా, ఏ ఊరివాళ్లయినా సరే, గోడ మీద క్యూఆర్ ఎక్కడుందని చూస్తారు. పదిమందిలో ఇద్దరు నోట్లు ఇస్తారేమో. నోట్లే రాకపోతే నా గల్లాలో చిల్లర ఎక్కడి నుంచి వస్తుంది? ఆ మందుల షాపు కుర్రాడు అబద్ధం చెప్పలేదు. కానీ పెద్దాయన్ని పక్కన నిలబెట్టడం తప్పే. ముందు మందులు ఇచ్చి పంపి, ముప్పై తర్వాత ఇస్తాననో, నువ్వు తర్వాత ఇవ్వమనో అనుంటే సరిపోయేది.

మా దగ్గర పాత్రలు కడిగే అవ్వకు 60 దాటాయి. చదువు లేదు. ఆమె కూలి కూడా ఫోన్‌లోనే అడుగుతుంది. మొదట్లో నేనే నేర్పించాను. నెల పట్టింది. నేర్చుకుంటారు, మనకే ఓపిక ఉండదు.

---

పలమనేరు_కోడలు · శనివారం, ఉదయం 6:20

నేను మాత్రం వద్దనే చెబుతాను. దయచేసి పూర్తిగా చదవండి.

మా అత్తమ్మకు పోయిన సంవత్సరం మేమే స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాం. మనవరాలి ఫొటోలు చూసుకుంటుందని. తర్వాత యూపీఐ కూడా పెట్టాం. ఒకరోజు వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వచ్చింది. పంపింది మా బంధువుల నంబరు నుంచే. అది ఫొటో కాదు, ఒక ఫైలు. పేరు చివర ఏపీకే అని ఉంది. ఆమెకు ఏం తెలుస్తుంది? నొక్కింది. ఏదేదో అడిగింది, అన్నిటికీ సరే, సరే అని నొక్కుకుంటూ పోయింది. ఏ పెళ్లీ కనిపించలేదు. ఫోన్ పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నానికి మూడు విడతల్లో 64,000 పోయాయి. ఆమె ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. పిన్ చెప్పలేదు. ఒక్క ఫోన్ కాల్ కూడా రాలేదు. సాయంత్రం మా ఆయన బ్యాలెన్స్ చూస్తే తెలిసింది. అప్పుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాం. అప్పటికి ఐదారు గంటలు గడిచిపోయాయి. కొంత మొత్తం ఎవరిదో ఖాతాలో ఆగిందన్నారు, మిగతాది అప్పటికే ఎక్కడెక్కడికో మారిపోయింది. బ్యాంకుకు వెళితే, "మీ ఫోన్ నుంచే జరిగింది కదమ్మా" అన్నారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆమె నెల రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "నా చేత్తో నేనే పోగొట్టాను" అనే మాట ఎన్నిసార్లు విన్నానో. ఇప్పటికీ ఫోన్ మోగితే ముట్టుకోదు. ఆ అవమానం మీ నాయనకు వద్దు అన్నా. ముప్పై రూపాయల అవమానం దాని ముందు ఎంత?

---

ఎస్వీయూ_పరిశోధక · శనివారం, ఉదయం 9:05

పలమనేరు అక్కా, చాలా బాధగా ఉంది. అక్కడ ఏం జరిగి ఉంటుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని "యూపీఐ మోసం" అని రాసేసి వదిలేస్తున్నారు.

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను ఫోన్‌లో పెట్టే ఫైలు. ప్లే స్టోర్ నుంచి కాకుండా బయటి నుంచి వచ్చిన ఫైలును పెట్టేముందు ఫోన్ ఒకసారి హెచ్చరిస్తుంది. దానికి సరే అంటే, తర్వాత ఆ యాప్ మెసేజిలు చదవడానికి అనుమతి అడుగుతుంది. దానికీ సరే అంటే ఇక మీ ఫోన్‌కు వచ్చే ప్రతి ఎస్సెమ్మెస్ వాళ్లకు కనిపిస్తుంది. ఓటీపీ మీరు చెప్పనక్కర్లేదు, వాళ్లే చదువుకుంటారు. శుభలేఖ, వాహన చలానా, పీఎం కిసాన్, కరెంటు బిల్లు, ఇలా పేర్లు మారతాయి, లోపల పని ఒకటే. మీ బంధువుల నంబరు నుంచి రావడానికి కారణం వాళ్ల ఫోన్ అంతకుముందే అలాగే చిక్కి ఉండటం.

అంటే దొంగ పట్టుకున్నది ఎస్సెమ్మెస్‌లను. ఆ ఎస్సెమ్మెస్‌లు వచ్చే సిమ్ స్మార్ట్‌ఫోన్‌లో ఉండటమే అసలు దారి. అందుకని ఐరాల అన్నకు నా సలహా ఇది. నాయన పాత సిమ్‌ను కీప్యాడ్ ఫోన్‌లోనే ఉంచండి. పాల డబ్బు పడే పెద్ద ఖాతాకు ఆ నంబరే ఉండనివ్వండి. స్మార్ట్‌ఫోన్‌కు వేరే సిమ్ తీసుకుని, ఆ నంబరుతో వేరే చిన్న ఖాతా తెరవండి. యూపీఐ దానికే. రేపు పొరపాటున ఏ ఫైలు నొక్కినా, పెద్ద ఖాతా ఓటీపీ వచ్చేది కీప్యాడ్ ఫోన్‌కు. దాంట్లో ఏ ఏపీకే పనిచేయదు.

ఫోన్ సెట్టింగ్స్‌లో "తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్" అనేది ఉంటుంది. వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు, ఫైల్ మేనేజర్‌కు దాన్ని ఆపేయండి. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు, ఫైళ్లు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా కూడా చెయ్యండి.

---

కాణిపాకం_దారి · శనివారం, ఉదయం 11:15

ఇంత తలనొప్పి ఎందుకప్పా? కీప్యాడ్ ఫోన్‌లోనే యూపీఐ ఉంది కదా. 123పే అని 2022 మార్చిలోనే రిజర్వు బ్యాంకు మొదలుపెట్టింది. ఒక నంబరుకు ఫోన్ చేసి, అది చెప్పినట్టు అంకెలు నొక్కితే డబ్బు పోతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. మొదట 5,000 దాకా ఉండేది, తర్వాత 10,000 చేశారు. ఏపీకే గోలే ఉండదు.

---

టిఫిన్_కొర్లగుంట · శనివారం, మధ్యాహ్నం 2:40

కాణిపాకం అన్నా, మీరు దాంతో ఎప్పుడైనా షాపులో కట్టారా? అడగడం తప్పు అనుకోకండి. మా హోటల్లో ఒక పెద్దాయన ప్రయత్నించాడు. భాష ఎంచుకోవాలి, ఎవరికి పంపాలో నంబరు నొక్కాలి, మొత్తం నొక్కాలి, పిన్ నొక్కాలి. వెనక ఆరుగురు ఇడ్లీ కోసం నిలబడ్డారు. ఆయన చేతులు వణికి ఒక అంకె తప్పు పడింది, మళ్లీ మొదటి నుంచి. చివరికి నేనే "తినండి అయ్యా, రేపు ఇద్దురు" అన్నాను. ఇంట్లో కూర్చుని కూతురికి డబ్బు పంపడానికి బాగుంటుంది. కౌంటర్ దగ్గర కష్టం.

---

కాణిపాకం_దారి · శనివారం, మధ్యాహ్నం 3:05

నిజమే, నేను పంపింది ఇంటి నుంచే. షాపులో వాడలేదు. కెమెరాతో స్కాన్ చేసే కీప్యాడ్ ఫోన్లు కూడా వచ్చాయి, కానీ ఆ చిన్న తెర మీద అక్షరాలు మా నాన్నకే కనిపించలేదు. ఆ మాట ఒప్పుకుంటున్నా.

---

బైపాస్_ఐటీ · శనివారం, సాయంత్రం 5:30

ఎవరూ యూపీఐ సర్కిల్ గురించి చెప్పలేదేం? 2024 ఆగస్టులో వచ్చింది. ఖాతా కొడుకుది, వాడేది తండ్రి. నెలకు 15,000 దాకా, ఒక్కోసారికి 5,000 దాకా ఆయన నేరుగా కట్టుకోవచ్చు. లేదంటే ఆయన స్కాన్ చేసినప్పుడల్లా నీ ఫోన్‌కు అడుగుతుంది, నువ్వు పిన్ కొడితే పోతుంది. నాయన ఖాతా అసలు కలపనే అక్కర్లేదు. పోతే నీ 15,000 లోపే. ఇంతకన్నా భద్రమైన దారి లేదు.

---

ఐరాల_బిడ్డ · శనివారం, రాత్రి 8:10

అందరికీ కృతజ్ఞతలు. సర్కిల్ సంగతి ఇందాకే నాయనకు ఫోన్‌లో చెప్పాను. అంతా విని, "అంటే నేను ఆకు, వక్క కొన్నా నీ డబ్బే కదా?" అని అడిగాడు. అవునన్నాను. "రెండు ఆవులు నేను మేపుతున్నాను, నా డబ్బు నా దగ్గర ఉంది, నాకు కావాల్సింది దాన్ని ఫోన్‌లో ఎట్లా ఇవ్వాలో తెలియడం" అన్నాడు. కోపంగా అనలేదు. కానీ ఇంక ఆ మాట ఎత్తలేకపోయాను. ఒక్కోసారి కట్టేముందు నన్ను అడిగే పద్ధతి అయితే ఇంకా కష్టం. నేను మీటింగులో ఉంటే ఆయన మళ్లీ ఆ షాపులో పక్కన నిలబడాలి.

పలమనేరు అక్కా, మీరు రాసింది మా అక్కకు చదివి వినిపించాను. "చూశావా" అంది. మీరు చెప్పిందాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు.

---

నగరి_మగ్గం · శనివారం, రాత్రి 9:25

నేను మరమగ్గాల మీద పని చేస్తాను. ఇక్కడ రాయడం ఇదే మొదలు.

మా కూలి ఇప్పుడు ఫోన్‌కే వేస్తారు. మంచిదే, లెక్క తప్పదు. కానీ ఇంతకుముందు వారం కూలి చేతికొస్తే ఇంట్లోకి కొంత, పిల్లల ఫీజుకు కొంత, నాకంటూ పోపుల డబ్బాలో కొంత ఉండేది. ఇప్పుడు ఫోన్ ఎవరు తెరిచినా నేను ఎవరికి ఎంత పంపానో వరసగా కనిపిస్తుంది. మా చెల్లెలు ఆసుపత్రిలో ఉంటే 500 పంపాను. ఆ రాత్రే ఇంట్లో ఎందుకు పంపావని అడిగారు. నేను సంపాదించిన 500 కి సంజాయిషీ చెప్పుకున్నాను.

ఐరాల తమ్ముడూ, నీ ఉద్దేశం మంచిదని తెలుస్తోంది. కానీ నాయనకు ఫోన్ ఇచ్చాక ఆయన పిన్ నువ్వు పెట్టకు, నువ్వు తెలుసుకోకు. ఆయన ఖాతా నీ ఫోన్‌లో కనిపించేలా చేసుకోకు. జాగ్రత్త కోసమే అనిపిస్తుంది, కానీ "నాయనా, నిన్న ఈ 200 ఎవరికి?" అని ఒక్కసారి అడిగావంటే ఆయన మళ్లీ ఫోన్ తీయడు. పెద్దవాళ్లకు కూడా ఎవరికీ చెప్పకుండా ఖర్చుపెట్టుకునేది కొంత ఉండాలి.

---

విశ్రాంత_క్యాషియర్ · ఆదివారం, ఉదయం 7:45

నగరి అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. 36 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం చిత్తూరు చుట్టుపక్కల బ్రాంచీల్లోనే. కొడుకులు తండ్రుల పాసుబుక్కులు తెచ్చి మా ముందే అరిచిన రోజులు గుర్తున్నాయి.

ఎస్వీయూ అమ్మాయి చెప్పిన రెండు సిమ్‌ల పద్ధతి బాగుంది. దానికి నేను కొన్ని విషయాలు జోడిస్తాను, ఎందుకంటే కౌంటర్ దగ్గర ఇవే అడ్డం పడతాయి.

మొదటిది. యూపీఐ పిన్ పెట్టుకోవడానికి మామూలుగా వాడే దారులు రెండు: డెబిట్ కార్డు, లేదా ఆధార్ ఓటీపీ. ఆధార్ ఓటీపీ దారిలో వెళ్లాలంటే ఆధార్‌కు, బ్యాంకుకు ఒకే నంబరు ఉండాలి. నాయన ఆధార్‌కు పాత నంబరే ఉంటుంది, కొత్త ఖాతాకు కొత్త నంబరు ఇస్తున్నారు. కాబట్టి ఆ దారి పనిచేయదు. ఖాతా తెరిచేటప్పుడే డెబిట్ కార్డు అడిగి తీసుకోండి. పిన్ పెట్టుకున్నాక కార్డు బీరువాలో పెట్టెయ్యండి.

రెండోది, డబ్బు చిన్న ఖాతాలోకి ఎలా వస్తుంది? దీనికోసం ఎవరి ఫోనూ అక్కర్లేదు. పెద్ద ఖాతా ఉన్న బ్రాంచిలో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అని ఒక ఫారం ఉంటుంది. నాయనే సంతకం పెట్టి ప్రతి నెలా 5వ తేదీన 3,000 కొత్త ఖాతాకు పంపమని రాసివ్వవచ్చు. ఆయన డబ్బు, ఆయన సంతకం, ఆయన నిర్ణయించిన మొత్తం. ఆయన ఆకు, వక్కల మాటకు జవాబు ఇదేనని నా అభిప్రాయం. మోసం జరిగినా పోయేది ఆ నెల మిగిలిన మొత్తమే. చిన్న ఖాతా తెరిచేముందు కనీస నిల్వ ఎంతో అడగండి, అది ప్రతి బ్యాంకులో ఒకలా ఉండదు.

మూడోది పిన్ గురించి. నాయనకు వంద విషయాలు చెప్పొద్దు. ఒక్కటే చెప్పండి: పిన్ కొట్టామంటే మన డబ్బు బయటికి పోతుంది. మనకు డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. "మీకు 5,000 వేస్తున్నాం, పిన్ కొట్టండి" అని ఎవడు అన్నా వాడు దొంగే. మనుషుల మధ్య "నాకు ఇంత పంపు" అని అభ్యర్థన పంపే పద్ధతిని 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. మోసాలకు అది పెద్ద ద్వారంగా ఉండేది. అయినా దొంగ ఇంకో దారి వెతుక్కుంటాడు కాబట్టి ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోవాలి.

పలమనేరు అమ్మకు విడిగా రాస్తాను.

---

విశ్రాంత_క్యాషియర్ · ఆదివారం, ఉదయం 8:30

అమ్మా, "మీ ఫోన్ నుంచే జరిగింది" అని బ్యాంకు అన్నంత మాత్రాన అక్కడితో ఆగిపోవద్దు. ఖాతాదారుడి అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల గురించి రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఒక సర్క్యులర్ ఇచ్చింది. తప్పు బ్యాంకుదీ కాదు, ఖాతాదారుడిదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగింది అనుకుంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుడికి నష్టం ఉండకూడదు. ఖాతాదారుడి అజాగ్రత్త ఉందనుకున్నా, ఫిర్యాదు చేసిన తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే బాధ్యత. అజాగ్రత్త ఉందని నిరూపించాల్సింది కూడా బ్యాంకే, మీరు కాదు.

ఆమె ఓటీపీ ఎవరికీ చెప్పలేదు కదా. ఆ సంగతి రాతపూర్వకంగా ఇచ్చారా? నోటితో చెప్పి వచ్చేసి ఉంటే ఇప్పుడైనా రాసి, 1930లో ఇచ్చిన ఫిర్యాదు నంబరు జత చేసి, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు. దానికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయొద్దు. మొత్తం తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను. అడగకుండా మాత్రం వదలొద్దు.

ఇంకొక్క మాట. అత్తమ్మగారికి ఇది చదివి వినిపించండి. చదువుకున్న మేనేజర్లు కూడా అలాంటి ఫైలు నొక్కి డబ్బు పోగొట్టుకోవడం నేను చూశాను. అది ఆమె చేతకానితనం కాదు.

---

పలమనేరు_కోడలు · ఆదివారం, ఉదయం 10:10

సార్, మేము నోటితోనే చెప్పి వచ్చాం. రాసి ఇవ్వాలని ఎవరూ చెప్పలేదు. రేపే వెళతాం. మీ చివరి మాట ఆమెకు చదివాను. ఏమీ అనలేదు, కానీ ఆ మేనేజర్‌కు ఎంత పోయిందని అడిగింది.

---

పుత్తూరు_బస్టాండ్ · ఆదివారం, మధ్యాహ్నం 12:20

ఎవరైనా ఇది చెప్పండి. డబ్బు కట్ అయ్యింది, షాపువాడికి పోలేదు. ఇలాంటప్పుడు ముసలాయన ఏం చేయాలి? నాకే జరిగింది, పెట్రోల్ బంకులో రెండుసార్లు కట్టాను. మనం అంటే వాదించుకుంటాం.

---

విశ్రాంత_క్యాషియర్ · ఆదివారం, మధ్యాహ్నం 1:15

దీనికి 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గడువులు పెట్టింది. మనిషికి పంపినది అవతల పడకపోతే మరుసటి రోజులోపు దానంతటదే వెనక్కి రావాలి. దుకాణానికి కట్టింది అయితే ఐదు రోజుల్లోపు. దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు బ్యాంకు అడగకుండానే ఇవ్వాలి. చాలామందికి ఈ వంద సంగతి తెలియదు. యాప్‌లో ఆ లావాదేవీ మీద నొక్కితే ఫిర్యాదు చేసే చోటు కనిపిస్తుంది.

నాయనకు మాత్రం ఒకటి చెప్పండి. డబ్బు పడగానే షాపులో పలికే సౌండ్ బాక్స్ పలకకపోతే వెంటనే రెండోసారి కొట్టొద్దు. రెండు నిమిషాలు ఆగాలి. జేబులో ఎప్పుడూ ఒక 500 ఉండాలి. ఫోన్ ఉన్నంత మాత్రాన నోట్లు మానేయమని కాదు, మా ఊళ్లో కరెంటు పోతే టవర్ కూడా పోతుంది.

---

టిఫిన్_కొర్లగుంట · ఆదివారం, మధ్యాహ్నం 3:00

సౌండ్ బాక్స్ గురించి షాపువాడిగా ఒక మాట. కొందరు పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోతుంటారు. అందుకే మేము బాక్స్ పలికేదాకా చూస్తాం. మీ నాయనను అనుమానించినట్టు అనుకోవద్దని ముందే చెప్పండి. మొదటిసారి మా అవ్వ కూడా "నన్ను దొంగ అనుకుంటున్నాడా" అని ఏడ్చినంత పని చేసింది.

---

ఐరాల_బిడ్డ · ఆదివారం, రాత్రి 10:00

నాయనతో, అక్కతో ముగ్గురం కలిసి మాట్లాడుకున్నాం. రెండు సిమ్‌లు, చిన్న ఖాతా అంటే అక్క ఒప్పుకుంది. నెలకు ఎంత అని అడిగితే నాయన "రెండున్నర వేలు, పండగ నెల అయితే చూద్దాం" అన్నాడు. వచ్చే వారం సెలవు పెట్టి ఊరికి వెళుతున్నాను. ఏం జరిగిందో రాస్తాను.

---

ఐరాల_బిడ్డ · మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:15

అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు పట్టింది. ఖాతా మొదటి రోజే తెరిచారు. కార్డు ఇంటికి రావడానికి తొమ్మిది రోజులు. మళ్లీ ఇవాళ ఊరికి వచ్చాను.

ఫోన్‌కు వేలిముద్ర తాళం పెట్టాలని చూస్తే నాయన వేళ్లు తీసుకోలేదు. పాలు పితికి, పార పట్టి అరిగిపోయిన వేళ్లు. ఎనిమిదిసార్లు ప్రయత్నించి వదిలేశాం, అంకెల తాళం పెట్టాం. అక్షరాలు పెద్దవి చేశాను, ఫోన్, యాప్ రెండూ తెలుగులోకి మార్చాను. పిన్ పెట్టేటప్పుడు నగరి అక్క మాట గుర్తొచ్చి లేచి ఆవుల దగ్గరికి వెళ్లిపోయాను. ఆయన చాలాసేపటికి పిలిచాడు. పుట్టిన సంవత్సరం పెట్టొద్దని మాత్రం ముందే చెప్పాను.

మొదటి రూపాయి అమ్మకు కాదు, మా ఊరి చివర చెరుకురసం బండికి కట్టాడు. స్కాన్ చేయగానే తెర మీద బ్యాంకులో ఉన్న అసలు పేరు వచ్చింది. ఆయన వెంటనే పిన్ కొట్టలేదు. తల ఎత్తి, "నీ పేరు ఇదేనా?" అని బండి అబ్బాయిని అడిగాడు. ఆ అబ్బాయి "మా అమ్మ పేరు తాతా" అన్నాడు. అప్పుడు కొట్టాడు. నేను ఇన్నేళ్లుగా వాడుతున్నాను, ఆ పేరు ఒక్కసారి కూడా అడిగి చూసుకోలేదు.

ఇంగ్లీషు మెసేజిల ఇబ్బంది మాత్రం అలాగే ఉంది. పెద్ద ఖాతా మెసేజిలు కీప్యాడ్ ఫోన్‌కే వస్తున్నాయి. దీనికి దారి ఉంటే చెప్పండి.

---

ఎస్వీయూ_పరిశోధక · ఆదివారం, రాత్రి 9:50

చాలా సంతోషం అన్నా! కొన్ని బ్యాంకులు మెసేజిలు మన భాషలో పంపుతాయి, కానీ అడిగినవాళ్లకే. బ్రాంచిలో అడిగి చూడండి. కాకపోతే ఒక ఉపాయం. నాయన స్మార్ట్‌ఫోన్ కెమెరాను కీప్యాడ్ తెర వైపు పెడితే గూగుల్ లెన్స్ ఆ ఇంగ్లీషును అక్కడికక్కడే తెలుగులో చూపిస్తుంది. అచ్చు తెలుగు కాదు గానీ అంకె, జమ అయిందా కట్ అయిందా అనేది అర్థమవుతుంది. ఓటీపీ మెసేజిలకు మాత్రం ఈ పని చేయొద్దని చెప్పండి.

---

పలమనేరు_కోడలు · ఆదివారం, రాత్రి 10:20

అన్నా, మీది చదివి సంతోషించాను. మేము రాసి ఇచ్చాం, రసీదు తీసుకున్నాం, ఇంకా జవాబు రాలేదు. ఆ రెండు సిమ్‌ల పద్ధతి మా ఇంట్లో కూడా పెట్టాలనుకుంటున్నాం, అత్తమ్మ కోసం కాదు, ముందు నా కోసం. నా జీతం, నా యూపీఐ అన్నీ ఒకే నంబరు మీద ఉన్నాయి.

---

ఐరాల_బిడ్డ · ఆదివారం, రాత్రి 10:45

ఇంకొకటి అడగడం మరిచాను. నాయన ఇందాక భోజనం దగ్గర అన్నాడు. వచ్చే సీజన్లో ఫ్యాక్టరీకి పోగా మిగిలిన కాయలు రోడ్డు పక్కన పెట్టి అమ్ముతాడట. కాణిపాకం వెళ్లే కార్లు మా దారిలోనే పోతాయి. "మరి నాకు వాళ్లు స్కాన్ చేసేది ఎవరిస్తారు?" అని అడిగాడు. టిఫిన్ అన్నా, దానికి షాపు లైసెన్సు లాంటిది ఏమైనా కావాలా?

---

టిఫిన్_కొర్లగుంట · ఆదివారం, రాత్రి 11:05

ఏమీ అక్కర్లేదు తమ్ముడూ. ఆయన యాప్‌లోనే ఆయన క్యూఆర్ ఉంటుంది, ఫొటోలాగా దించుకుని చిత్తూరులో ఏ జిరాక్స్ షాపులోనైనా ప్రింట్ తీసి లామినేషన్ చేయించు. కట్టేవాళ్ల దగ్గరా, ఆయన దగ్గరా ఎవరూ రూపాయి పట్టుకోరు. సౌండ్ బాక్స్ ఇప్పుడే వద్దు, దానికి నెల నెలా అద్దె అడుగుతారు, మామిడికాయలు రెండు నెలలే. ప్రతి సాయంత్రం ఆ అట్ట మీద వేరే ఎవరైనా తమ క్యూఆర్ అతికించారేమో ఒకసారి చూసుకోమను. కాయలు పెట్టిన రోజు ఇక్కడ చెప్పు, మా ఇంటికి ఒక బుట్ట కావాలి.